జర్మనీలో ఇద్దరే ఉంటే: అడ్వెంట్ మొదటి దీపం నుంచి కనుమ దాకా పండగలు ఎలా చేసుకోవాలి

న్యూరెంబర్గ్‌లో డిసెంబర్ నెలంతా ఉదయం ఎనిమిదింటికి గానీ తెల్లారదు. సాయంత్రం నాలుగుంపావుకల్లా చీకటి. 2019లో మేం ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. డిసెంబర్ 24 మధ్యాహ్నం మూడింటికి పాలు, పెరుగు తెద్దామని బయల్దేరితే వీధి వీధంతా మూసి ఉంది. 27 ఉదయం దాకా ఉప్మా, ఆవకాయ అన్నంతో గడిపాం. తిండికి పెద్ద ఇబ్బంది కాలేదు గానీ, పలకరించే మనిషి లేక, బయటికి వెళ్లే చోటు లేక, ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. మూడు వారాలకి సంక్రాంతి వచ్చింది. బుధవారం. ఇద్దరికీ మీటింగులు. రాత్రి తొమ్మిదింటికి దీపం వెలిగించి, అమ్మ పంపిన ముగ్గు ఫోటో చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

మాది తెనాలి, మా ఆయనది కరీంనగర్. ఆ ఏడాది తర్వాత మేం కూర్చుని మాట్లాడుకుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. దాని మూలం ఒక్కటే: ఇక్కడి క్రిస్మస్‌ని, మన సంక్రాంతిని రెండు వేర్వేరు పండగలుగా కాకుండా, నవంబర్ చివర మొదలై కనుమతో ముగిసే ఒకే పండగ కాలంగా చూడటం. క్రిస్మస్‌కి సెలవులు ఉంటాయి, చేయడానికి పని ఉండదు. సంక్రాంతికి బోలెడు పని ఉంటుంది, సెలవు ఉండదు. అందుకని దాని సెలవుల్లో దీని పని చేసుకుంటాం. నేను రాసేది మేం ఉండే బవేరియా రాష్ట్రం సంగతి. వేరే చోట ఉన్నవాళ్లు తేదీలు సరిచూసుకుంటే చాలు.

మొదటి మెట్టు: నవంబర్‌లో ఇద్దరూ కూర్చుని క్యాలెండర్ రాయండి

ఒక పెద్ద కాగితం తీసుకుని ఈ తేదీలు వరుసగా వేయండి. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు అడ్వెంట్. డిసెంబర్ 6 సెయింట్ నికొలస్ రోజు, పిల్లలు కానుకల కోసం ముందు రాత్రే బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడతారు. డిసెంబర్ 16 ప్రాంతంలో మనకు ధనుర్మాసం మొదలవుతుంది. 24 రాత్రి ఇక్కడి వాళ్లకు అసలు పండగ. 25, 26 రెండూ ప్రభుత్వ సెలవులు. జనవరి 1 సెలవు. జనవరి 6 ముగ్గురు రాజుల (పుట్టిన యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానుల) పండగ, దేశమంతా కాకుండా బవేరియాతో కలిపి మూడు రాష్ట్రాల్లోనే సెలవు. ఆ తర్వాత వారానికి భోగి.

24, 31 చట్టప్రకారం సెలవులు కావు. చాలా ఆఫీసులు పూర్తిగానో సగం రోజో ఇస్తాయి, మీ దగ్గర ఎలాగో ముందే అడగండి. 27 నుంచి 30 దాకా పిల్లలున్న సహోద్యోగులందరూ లీవు కోరుకుంటారు. ఆ రోజుల్లో నేను పని చేస్తానని ముందుకొస్తే, జనవరి 14, 15 లీవుకి ఎవరూ అడ్డు చెప్పరు. నేను ఏటా ఇదే చేస్తున్నాను. నవంబర్‌లోనే మెయిల్ పెట్టి, "అది మాకు క్రిస్మస్ అంత పండగ" అని ఒక్క వాక్యం రాస్తాను. ముందుగా చెబితే మనుషులు గౌరవిస్తారు. జనవరి రెండో వారంలో హడావిడిగా అడిగితే మాత్రం కష్టం.

తేదీలు వేశాక అసలు మాట మాట్లాడుకోండి. "ఏది లేకపోతే నీకు పండగ పండగలా ఉండదు?" అని ఒకరినొకరు అడగండి. ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాలి. నేను తెల్లవారుజామున ముగ్గు అన్నాను. ఆయన సకినాలు అన్నాడు. పెళ్లయి రెండేళ్లయినా ఆయనకి సకినాల మీద అంత బెంగ ఉందని నాకు తెలియదు. మా ఇంట్లో సంక్రాంతి అంటే అరిసెలే కాబట్టి, నేను అరిసెలు చేస్తే పండగ అయిపోయిందనుకునేదాన్ని. ఒకే భాష మాట్లాడుకునే ఇద్దరి మధ్య కూడా కృష్ణా తీరం వంటిల్లు, కరీంనగర్ వంటిల్లు వేర్వేరని అప్పుడు అర్థమైంది.

మీ జోడీ జర్మన్ వారైతే ఈ మాట ఇంకా ముఖ్యం. 24 రాత్రి వాళ్ల అమ్మానాన్నల ఇంట్లో ఉండటం వాళ్లకు ప్రాణం. మీరు మనస్ఫూర్తిగా వెళ్లండి. అదే కాగితం మీద సంక్రాంతి మీ ఇంటిదని, ఆ రోజు వాళ్లు పూర్తిగా మీతో ఉండాలని కూడా రాసుకోండి.

రెండో మెట్టు: ముందు వెలుగు తెచ్చుకోండి

చీకటి మనసు మీద పని చేస్తుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ దేశస్థులు నాలుగు కొవ్వొత్తులున్న పచ్చని కొమ్మల దండను బల్ల మీద పెట్టి, ఆదివారానికి ఒకటి చొప్పున వెలిగిస్తారు. మొదటి వారం ఒకటి, నాలుగో వారానికి నాలుగూ. చలి పెరిగే కొద్దీ ఇంట్లో వెలుగు పెరుగుతుంది. మేం ఆ దండ పక్కనే మన కుంది పెట్టి, ధనుర్మాసం మొదలైన రోజు నుంచి రోజూ సాయంత్రం దీపం పెడతాం. రెండూ ఒకే బల్ల మీద వెలుగుతుంటే నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. దండ ఎండిన కొద్దీ త్వరగా అంటుకుంటుంది కాబట్టి, గదిలోంచి వెళ్లేటప్పుడు ఆర్పేయండి.

పగటి వెలుగు కోసం శని, ఆదివారాల్లో పదకొండు, ఒంటిగంట మధ్య తప్పనిసరిగా బయట నడవండి. మబ్బుగా ఉన్నా సరే. ఇద్దరూ కలిసి, ఫోన్లు జేబులో పెట్టుకుని.

మూడో మెట్టు: సంతకు వెళ్లండి, కానీ మంగళవారం వెళ్లండి

మా ఊరి క్రిస్మస్ సంత పేరు క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్. మొదటి అడ్వెంట్ ఆదివారానికి ముందు శుక్రవారం మొదలై 24న ముగుస్తుంది. క్రిస్ట్‌కిండ్ (బాలక్రీస్తు) వేషంలో బంగారు రంగు జుట్టు, కిరీటంతో ఒక అమ్మాయి ఫ్రావెన్‌కిర్షె చర్చి మేడ మీద నిలబడి స్వాగత పద్యం చదివి సంత తెరుస్తుంది. ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పిన చెక్క కొట్లు బారులు తీరి ఉంటాయి. శనివారం సాయంత్రం అడుగు తీసి అడుగు వేయలేం. మంగళవారమో బుధవారమో నాలుగున్నరకు వెళితే దీపాలూ ఉంటాయి, ఊపిరీ ఆడుతుంది.

చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. వేడి పానీయం మగ్గులో ఇస్తారు, దానికి డిపాజిట్ తీసుకుంటారు, మగ్గు తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తారు. గ్లూవైన్ అంటే దాల్చినచెక్క, లవంగం, నారింజ వేసి కాచిన ఎర్ర వైన్. తాగని వాళ్లకి అదే మసాలాతో పళ్లరసం కాచిన కిండర్‌పున్ష్ ఉంటుంది. శాకాహారులు బంగాళాదుంప అట్లు అడగండి, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. కాల్చిన చెస్ట్‌నట్లు, పంచదార పాకం పట్టిన బాదం దొరుకుతాయి. ఈ ఊరి లెబ్‌కూఖెన్ అనే మసాలా బిస్కెట్లలో ఎలీజెన్ రకం కొనండి. పిండి పది శాతానికి మించకుండా, బాదం, హేజెల్‌నట్ లాంటి గింజలు కనీసం పాతిక శాతం ఉంటేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. కోడిగుడ్డు తెల్లసొన వేస్తారు కాబట్టి గుడ్డు తినని వాళ్లు చూసుకోవాలి.

కాళ్లకు రెండు జతల సాక్స్ వేసుకుంటే బూటు బిగుతై చలి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఒక్క జతే, మందపాటి ఉన్నిది.

నాలుగో మెట్టు: ఇరుగుపొరుగు

పక్కింటి వాళ్లు మీ పార్శిళ్లు తీసుకుని దాచిపెడుతుంటారు. అడ్వెంట్‌లో ఒక సాయంత్రం చిన్న డబ్బాలో ఏదైనా పట్టుకెళ్లి ఇవ్వండి. మేం మొదట కొన్న చాక్లెట్లు ఇచ్చేవాళ్లం. రెండో ఏడు జంతికలు ఇస్తే, పైఅంతస్తు పెద్దావిడ ఖాళీ డబ్బాలో తన చేతి బిస్కెట్లు నింపి తిరిగిచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మన అమ్మమ్మలు అన్నట్టే. అప్పటినుంచి ఆ డబ్బా ఏటా రెండిళ్ల మధ్య తిరుగుతోంది.

ఎవరైనా 24 సాయంత్రం భోజనానికి పిలిస్తే అది పెద్ద ఆదరణ అని తెలుసుకోండి. ఆ రాత్రి సాధారణంగా ఇంటివాళ్లే కూర్చుంటారు. చెప్పిన సమయానికే వెళ్లండి. ఏం తినరో పిలిచిన రోజే చెప్పండి. చాలా ఇళ్లలో ఆ రాత్రి బంగాళాదుంప సలాడ్, సాసేజీలతో సాదా భోజనమే, పెద్ద విందు మర్నాడు.

తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఇక్కడ డిసెంబర్‌లో ఎక్కువ బెంగపడటం నేను చూశాను. మన ఊళ్లలో ఇంటి మీద స్టార్ కట్టి, రాత్రిళ్లు క్యారల్స్ పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ఇక్కడ క్రిస్మస్ తలుపు వేసుకుని చేసుకునే పండగ. అలాంటి స్నేహితులు ఉంటే 25 మధ్యాహ్నం భోజనానికి మీ ఇంటికి పిలవండి, లేదా వాళ్లింటికి మీరే బిర్యానీ వండి పట్టుకెళ్లండి.

ఐదో మెట్టు: 23 రాత్రికి ఇల్లు నిండి ఉండాలి

24న దుకాణాలు మధ్యాహ్నం రెండింటికల్లా మూస్తారు. 25, 26 తెరవరు. ఆదివారాలు ఎలాగూ తెరవరు. 2026లో 25 శుక్రవారం, 26 శనివారం, 27 ఆదివారం, అంటే వరసగా మూడు రోజులు మూతే. పాలు, పెరుగు, కూరగాయలు, రొట్టె, నూనె, గ్యాస్ట్రిక్ మాత్రల దాకా 23నే తెచ్చుకోండి. కరివేపాకు, పచ్చిమిర్చి, సోనా మసూరి బియ్యం, బెల్లం, నువ్వులు ఇండియన్ షాపులో ఇంకా ముందే, 20 లోపు తెచ్చుకోవాలి. ఏదైనా మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్లో షాపులు కొన్ని తెరిచి ఉంటాయి. సెలవుల్లో జ్వరం వస్తే డ్యూటీ డాక్టరు కోసం 116117కి, ప్రాణం మీదకు వస్తే 112కి ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అంటించండి.

ఆరో మెట్టు: మూసి ఉన్న రోజుల్లో పిండివంటలు

అన్నిటికంటే నాకు ఇష్టమైన మెట్టు ఇదే. 24 పొద్దున్నే బియ్యం కడిగి నానబోస్తాం. సాయంత్రం ఒకసారి నీళ్లు మారుస్తాం. 25 ఉదయం వడకట్టి గుడ్డ మీద పలచగా ఆరబెడతాం. మన ఊళ్లో అరగంట నుంచి ముప్పావుగంట పట్టేది ఇక్కడ హీటర్ గాలికి ఇంకా తొందరగా ఆరిపోతుంది, కనిపెట్టుకుని ఉండాలి. బియ్యం చేతికి తడిగా తగలాలి, నీరు కారకూడదు. మిక్సీ పట్టి జల్లించిన పిండిని వెంటనే తడిగుడ్డ కప్పి పెట్టండి. పిండి పొడిబారితే అరిసె గట్టిగా వస్తుంది. మిక్సీ మధ్యాహ్నం లోపే అయిపోవాలి. సెలవు రోజు, పైగా పండగ రోజు, ఇరుగుపొరుగుకి చప్పుడు ఇష్టం ఉండదు. ఎక్కువ పిండి పట్టాల్సి వస్తుందని ముందురోజే వాళ్లతో ఒక మాట చెబితే ఇంకా మంచిది.

అరిసెలకి కిలో బియ్యానికి అరకిలో నుంచి ముప్పావు కిలో బెల్లం. పాకం చల్లటి నీళ్లలో వేస్తే మెత్తటి ఉండలా చేతికి రావాలి. ఇక్కడి గాజు పొయ్యి ఆపేసినా కాసేపు వేడిగానే ఉంటుంది. గ్యాస్ మీద అలవాటైన చెయ్యి స్విచ్ ఆపి ఊరుకుంటే పాకం ముదిరిపోతుంది. ఉండపాకం రాగానే గిన్నెను పొయ్యి మీద నుంచి దించేయాలి. మొదటిసారి నాకు పాకం అలాగే ముదిరింది, ఆ వాయి అంతా పాలల్లో నానబెట్టుకుని తిన్నాం. పిండి కొద్దికొద్దిగా వేస్తూ ఒకరు పోస్తుంటే ఒకరు కలపాలి. అరిసెలు ఒంటిచేత్తో అయ్యేవి కావు. రెండు గరిటెల మధ్య నొక్కి నూనె తీసే పని మా ఆయనది.

సకినాలకి అదే తడిపిండి. నువ్వులు, వాము, ఉప్పు వేసి, వేలితో తిప్పడానికి వీలుగా నీళ్లతో కలపాలి. శుభ్రమైన నూలు గుడ్డ పరిచి, పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలితిప్పుతూ చుట్ల మీద చుట్లు వేయాలి. గుడ్డ తడి పీల్చుకుని సకినం కాస్త బిగుసుకున్నాక చెక్కుచెదరకుండా తీసి నూనెలో వేయాలి. చదవడానికి రెండు వాక్యాలే గానీ నాకు చేయి తిరగడానికి మూడేళ్లు పట్టింది. కరీంనగర్ నుంచి అత్తమ్మ వీడియో కాల్‌లో కూర్చుని, "గట్ల ఒత్తకు బిడ్డా, వేలు అల్కగ ఆడాలె" అని చెబుతూనే ఉంటుంది. ఇక్కడ ఉదయం పదకొండు అంటే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. ఆవిడ భోజనం అయి, తీరికగా ఉండే వేళ. సకినాల పని ఆ వేళకి పెట్టుకోవడం వల్ల ఆవిడ కూడా మా వంటింట్లో ఉన్నట్టే ఉంటుంది.

వేయించేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తీయండి. హాలులోని పొగ అలారానికి ఆ పొగ అందకూడదు. అలారం మాత్రం ఎప్పుడూ పీకేయొద్దు. వాడేసిన నూనె సింకులో పోయకుండా, చల్లారాక సీసాలో పోసి మూత బిగించి మామూలు చెత్తలో వేయండి.

ఆరిన అరిసెలు, సకినాలు డబ్బాల్లో పెడితే సంక్రాంతి దాకా నిక్షేపంగా ఉంటాయి. పండగ వారంలో పని సగం అయిపోయినట్టే. అప్పట్లో మమ్మల్ని విసిగించిన ఆ మూడు రోజులూ ఇప్పుడు మాకు ఏడాదిలోకెల్లా ఇష్టమైనవి.

ఏడో మెట్టు: డిసెంబర్ 31కి రెండు పన్నెండులు

మన దగ్గర రాత్రి పన్నెండు అయ్యేసరికి ఇక్కడ ఏడున్నర. ముందు ఆ పన్నెండుకి ఇంటికి ఫోన్ చేయండి. ఒక ఏడు మా అమ్మావాళ్లకి ముందు, మరో ఏడు మా అత్తమ్మావాళ్లకి ముందు. ఈ వంతు రాసి పెట్టుకోండి, చిన్నదే అయినా మనసులో ఉండిపోయే విషయం. తర్వాత స్నేహితులతో రాక్లెట్ పెట్టుకోవచ్చు. బల్ల మధ్య చిన్న పొయ్యి, ఒక్కొక్కరికి ఒక చిన్న పెనం, అందులో కూరగాయలు, పైన కరిగే చీజ్. ఎవరికి కావలసింది వాళ్లు వేసుకుంటారు కాబట్టి శాకాహారులకీ, మాంసాహారులకీ ఒకే బల్ల సరిపోతుంది. బాణసంచా ఏడాది చివరి మూడు పని దినాల్లోనే అమ్ముతారు. మేం కొనం, కిటికీలోంచి చూస్తాం. ఎదురైన వాళ్లకి 31 దాకా "గూటెన్ రుట్ష్" అంటారు, కొత్త ఏటిలోకి చక్కగా జారి వెళ్లండని.

ఎనిమిదో మెట్టు: సుద్దతో రాసే పండగ నుంచి పిండితో వేసే పండగకి

జనవరి 6 ప్రాంతంలో పిల్లలు ముగ్గురు రాజుల వేషాలు వేసుకుని, చేత నక్షత్రం పట్టుకుని, ఇంటింటికీ పాడుతూ వస్తారు. పేద దేశాల పిల్లల కోసం చందా అడుగుతారు. గుమ్మం పైన సుద్దతో సంవత్సరం అంకెలు, మధ్యలో సి, ఎం, బి అని మూడు అక్షరాలు రాస్తారు. ఈ ఇంటిని క్రీస్తు దీవించుగాక అనే లాటిన్ మాటలకు అవి మొదటి అక్షరాలు. మొదటిసారి తలుపు తీసినప్పుడు నాకు ధనుర్మాసంలో అక్షయపాత్ర తల మీద పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చే హరిదాసు కనిపించాడు. లోపలికి పరిగెత్తి గుప్పెడు బియ్యం తేబోయి, ఆగి, డబ్బులు, నాలుగు అరిసెలు ఇచ్చాను. మీ ఇంటికి వస్తే తప్పకుండా తలుపు తీయండి.

మా గుమ్మం పైన వాళ్ల సుద్ద రాత ఏడాదంతా ఉంటుంది. భోగి నాడు దాని కిందనే నా ముగ్గు. అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర పిండి వేస్తే ఎవరైనా జారతారు, అందరి స్థలం కూడా. మేం గుమ్మం లోపలి వైపు నల్ల రంగు వేసిన చెక్క పలక పెట్టి దాని మీద వేస్తాం. బాల్కనీ ఉంటే అక్కడ వేయొచ్చు, మంచు పడితే చెరిగిపోతుంది, మళ్లీ వేసుకోవడమే. భోగిమంట ఇక్కడ కుదరదు. తెల్లవారుజామున ఐదున్నరకి లేచి, తలంటుకుని, అడ్వెంట్‌లో మిగిలిన కొవ్వొత్తి ముక్కలన్నీ ఒక ఇత్తడి పళ్లెంలో పెట్టి వెలిగిస్తాం. పాతవి కాల్చేయడం ఆ రకంగా జరుగుతుంది. స్నేహితుల పిల్లలకి భోగిపళ్లు పోయాలంటే రేగుపళ్లు దొరకవు. పూలరేకులు, చిల్లర నాణేలు, ద్రాక్షలు కలిపి పోస్తాం.

సంక్రాంతి నాడు ఆఫీసు తప్పకపోతే, ఉదయమే పాలు పొంగించి పొంగలి నైవేద్యం పెట్టి, పెద్దలను తలచుకుని బయల్దేరండి. పండగ నాడు చేయాల్సింది అంతవరకే. మనుషులను పిలిచే విందు ఆ దగ్గరి శనివారానికి మార్చండి. కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు ఆ రోజు రాత్రికే. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మేం ఆఫీసుకి కదులుతాం గానీ, ఊరు దాటే ప్రయాణం ఏదీ పెట్టుకోం.

శనివారం విందుకి తెలుగువాళ్లతో పాటు ఆ పైఅంతస్తు పెద్దావిడని కూడా పిలుస్తాం. ఆవిడ ఏటా సకినం చుట్టు వేలితో తడిమి చూసి, దీన్ని చేత్తోనే చేశారా అని అడుగుతుంది. మధ్యాహ్నం ఎండ ఉంటే మా ఆయన దగ్గర్లోని పెద్ద మైదానంలో గాలిపటం ఎగరేస్తాడు, మామూలు దారంతో. మాంజా జోలికి వెళ్లొద్దు.

ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. ఇంటికి ఫోన్ చేసి పెట్టేశాక పది నిమిషాలు చాలా బరువుగా ఉంటుంది. అక్కడ అందరూ ఒకేసారి నవ్వుతూ మాట్లాడతారు, ఇక్కడ ఫోన్ ఆపగానే గది నిశ్శబ్దం. మా గొడవలన్నీ ఆ పది నిమిషాల్లోనే వచ్చేవి. ఇప్పుడు ఫోన్ పెట్టగానే కోట్లు వేసుకుని కింద ఒక చుట్టు నడిచి వస్తాం. ఎవరికి ఏడుపొస్తే వాళ్లు ఏడుస్తారు, రెండోవాళ్లు ఓదార్చే మాటలు వెతుక్కోకుండా పక్కన నడుస్తారు.

తొమ్మిదో మెట్టు: పుస్తకంలో రాయండి

కనుమ మర్నాడు డబ్బాలు కడిగేటప్పుడే ఒక చిన్న నోటుపుస్తకంలో ఏది చాలింది, ఏది చాలలేదు, ఎవరిని పిలవడం మరిచిపోయాం అన్నది రాయండి. నవంబర్‌లో క్యాలెండర్ వేసే రోజు ముందు ఆ పేజీ తీయండి. మా పుస్తకంలో ఆఖరి పేజీ మా ఆయన చేతిరాత: "నువ్వులు పావుకిలో చాలలేదు. ఈసారి అరకిలో. ముగ్గు పలక ఇంకా పెద్దది చేయించాలి."